ఊరి వెలుగుల్లో నీహారికల ఫొటోలు

పెదపారుపూడి ఆకాశానికి తూర్పున గుడివాడ, పడమర విజయవాడ దీపాల వెలుగు తగులుతుంది. ఆ వెలుగులో చాలా నీహారికలు కంటికి ఆనవు. సరైన ఫిల్టరుంటే కెమెరాకు మాత్రం చిక్కుతాయి.

ఓరయన్ లాంటి నీహారికల్లో హైడ్రోజన్ 656.3 నానోమీటర్ల దగ్గర ఎర్రగా, ఆక్సిజన్ 500.7 దగ్గర నీలాకుపచ్చగా వెలుగుతాయి. పాత సోడియం దీపాల పసుపు 589 చుట్టూనే ఉంటుంది గనుక దాన్ని ఆపడం తేలిక. తెల్ల ఎల్‌ఈడీ వెలుగు అన్ని రంగుల్లోకీ పరుచుకుంటుంది. దాని ముందు మామూలు ఫిల్టరు చాలదు. 3 నుంచి 7 నానోమీటర్ల సన్నని పట్టీని మాత్రమే వదిలే నారోబ్యాండ్ ఫిల్టరు కావాలి. దాంట్లోంచి వచ్చే కాంతి బహు తక్కువ. అందుకే నక్షత్రాల వెంట తిరిగే మౌంటు మీద 5 నిమిషాల ఎక్స్‌పోజర్లు గంటల తరబడి తీసి, కంప్యూటర్లో ఒకదానిపై ఒకటి పేరుస్తారు. కృష్ణా డెల్టాలో మంచు బెడద వేరే. శీతాకాలం రాత్రుళ్లు లెన్సు చెమ్మగిల్లుతుంది, హీటరు పట్టీ చుట్టాల్సిందే.

కృత్తికల చుట్టూ ఉన్న నీలి మసకకు ఈ ఫిల్టర్లు పనికిరావు. అది నక్షత్రాల వెలుగునే వెదజల్లే ధూళి. గెలాక్సీలకూ ఈ ఫిల్టర్లు అక్కరకు రావు. వాటికి చీకటి చోటే మందు.

దక్షిణాన కెరీనా నీహారిక ఈ ప్రాంతంలో సుమారు 14 డిగ్రీల ఎత్తుకే లేస్తుంది. ఏప్రిల్ మధ్యలో రాత్రి 9 గంటల వేళ, హంసలదీవి తీరాన సముద్రం వైపు కెమెరా పెట్టి చూడండి.