ఊరికే వచ్చు కట్టె

(అనంతపురమున నొక పఠనమందిరమందు న్యాయవాది యొకరు చేసిన ఉపన్యాసపాఠము)



రామాయణమంతయు "కట్టె, కొట్టె, తెచ్చె" అను మూడుమాటలలో చెప్పవచ్చునని మన పెద్దలందురు. ఈ మెట్టసీమలోని పేదయిల్లాలి దినచర్యకును ఆ మూడుమాటలే చాలును. వరుస మాత్రము మారును: కొట్టె, కట్టె, తెచ్చె. గుట్టపై కంప కొట్టుట, మోపు కట్టుట, తలపై నింటికి తెచ్చుట. రామకథను చెప్పుటకు మనకు పురాణికులు గలరు. ఈ కట్టెలకథను చెప్పువారు లేరు. కావున నేడు మీయెదుట దానినే ప్రస్తావింపదలచితిని.

పైకి చూడ నిది యల్పవిషయము. పంటనుగూర్చి, నీటినిగూర్చి, అప్పునుగూర్చి సభలు జరుగును, తీర్మానములు పుట్టును. కట్టెలనుగూర్చి ఎవరును మాటాడరు. ఏలయన కట్టె ఊరికే వచ్చునని మనయందరి తలంపు. ఊరికే వచ్చినదానికి లెక్క యుండదు. లెక్కలేనిదానికి హక్కును నుండదు. ఈ రెండుమాటలే నా యుపన్యాసమునకు మూలము.

మొదట లెక్క చూతము. పడమటికనుమల చాటున నున్న మనసీమలో ఏటికి సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదియైన సకాలమున కురియునను నమ్మకము లేదు. 2022 ఏప్రిల్ నెలలో జిల్లా రెండై అనంతపురము, శ్రీ సత్యసాయి అను పేళ్ళు వచ్చినవి గాని వాన పెరుగలేదు. ఇట్టి నేలలో చెట్టు మెల్లగ పెరుగును, వేగముగ తరుగును. ఊరిచెంత పుల్లలు తరిగినకొలది నడక పెరుగును. కల్యాణదుర్గము, రాయదుర్గము, మడకశిర, కదిరి, ఎటుపోయినను కొడవలియు, త్రాడును, చుట్టకుదురును గొని గుట్టదారి పట్టిన స్త్రీలు కానవత్తురు. వారు మ్రానులను కూల్చువారు కారు. ఎండినకొమ్మ, తంగేడుపుల్ల, రేగుకంప, తుమ్మకంప, ఇవియే వారి సంపాదన.

వారమునకు రెండుమోపులు, మోపునకు రాకపోకలతో నాలుగుగంటలు అనుకొనుడు. సంవత్సరమునకు 416 గంటలు. దినమునకు ఎనిమిదిగంటల వంతున 52 పనిదినములు. ఈ 52 దినముల కూలి నెవ్వరును ఆమెకిచ్చుటలేదు, ఆమెయు నడుగుటలేదు. ఇక మెడనొప్పి, కాలిలో విరిగిన ముల్లు, బడి మానిన ఆడబిడ్డ, ఇవి ఏ పద్దులోనికిని ఎక్కవు. ఊరికే వచ్చెనని మనమనుకొను కట్టె వెల యిది.

పొయ్యికి గుట్టకట్టె యొక్కటియే ఆధారము కాదు. చేనును కొంత పెట్టవలయును. జొన్న, కంది, ఆముదము విరివిగ వేసిన దినములలో కోతలైన పిమ్మట కొయ్యలు, కందికట్టె, ఆముదపుకట్టె ఇల్లు చేరుచుండెను. ఇరువదవ శతాబ్దమున వేరుసెనగ ఈ సీమ నాక్రమించెను. వేరుసెనగకట్టె పశువులకు మేతయగును గాని పొయ్యికి చాలినది కాదు. ఇట్లు చేనికట్టె తగ్గినందున భారము మరల గుట్టపైననే పడెను. గుట్టయు నియ్యనినాడు పేడ పిడకయై పొయ్యి చేరును. చేనికి పోవలసిన యెరువు బూడిదయగును.

ఈ సంగతి క్రొత్తది కాదు. ఆంగ్ల రసాయనశాస్త్రజ్ఞుడు వోల్కరు మనదేశ వ్యవసాయమును పరిశీలించి 1893లో ప్రకటించిన నివేదికలో, రైతు పేడను కాల్చుట తెలివితక్కువచే గాక కట్టెలేమిచే ననియు, పల్లెలకు వంటచెరకు, పశుగ్రాసము ఇచ్చు వనములను ప్రత్యేకముగ పెంచవలెననియు చెప్పెను. మరుసటియేడు 1894లో వెలువడిన ప్రభుత్వ అటవీవిధానమును స్థానికజనుల యవసరములకు చిల్లర యడవులుండవలెనని యొప్పుకొనెను.

అయితే ఆపాటికే తలుపు మూయబడినది. 1800లో నిజాము ఈ దత్తమండలములను కుంపిణీకి ధారవోసెను. పిదప డెబ్బదియేండ్లకును అడవిపై ప్రభుత్వపు సర్వాధికారము స్థిరపడలేదు. రాజధానిలోని అడవులన్నియు ఏదో యొక గ్రామపు టెల్లలోనివే యనియు, అందు జనులకు అనుభవము గలదనియు 1871లో మదరాసు రెవిన్యూబోర్డువారే వాదించిరి. ఆ వాదము నిలువలేదు. 1876 మొదలు 1878 వరకు సాగిన ధాతకరువు ఈసీమను పీల్చి పిప్పిచేసినపిదప, 1882లో మదరాసు అటవీశాసనము వచ్చెను. అనంతపురము ప్రత్యేకజిల్లాగ నేర్పడినదియు ఆ 1882లోనే. నాటినుండి రక్షితారణ్యపు హద్దురాయి దాటి ఏరిన పుల్ల "అటవీఫలసాయ" మాయెను, ఏరినచేయి నేరపుచేయి యాయెను. ఈ బాధ యెంతటిదో తెలియగోరువారు పల్నాటి చరిత్ర చదువవలయును. 1921లో అచ్చటి ప్రజలు పుల్లరి కట్టమని అటవీశాసనమును ధిక్కరించిరి. 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు పోలీసు తుపాకులకు బలియయ్యెను.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట మాటలు మారినవి. 1952 నాటి జాతీయ అటవీవిధానము, పేడను పొయ్యినుండి తప్పించి చేనికి మరల్చుటకై గ్రామవనములు కావలెననెను. 1988 నాటి విధానము, అడవుల చెంతనున్న గిరిజనులకును పేదలకును వలయు కట్టె, మేత, చిల్లరకలపలకే అటవీఫలసాయముపై మొదటి హక్కనెను. నడుమ 1967లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ అటవీశాసనము మాత్రము 1882 నాటి చట్రముననే నడచెను. విధానపత్రము ఉపదేశించును, శాసనము పట్టుకొనును. కట్టెలమోపుతో గుట్టదిగు స్త్రీకి ఎదురగునది శాసనమే గాని విధానపత్రము గాదు.

ఇక మనసీమ పొయ్యిని నేడు వెలిగించుచున్న సర్కారుతుమ్మ కథ వినుడు. కరువుదినములలో, 1876లో, బెడ్డోము అను అటవీశాఖాధికారి వంటచెరకునకు పనికివచ్చునని యీ చెట్టు విత్తనములను తెప్పింపగోరెను. 1877 ప్రాంతమున కడపజిల్లా కమలాపురమున విత్తిరి. అమెరికాఖండపు మొక్క మన చెరువులలో, వంకలలో, బీళ్ళలో వ్యాపించి నేడు పచ్చిక నణచుచు, చెరువుల నాక్రమించుచున్నది. దీనిని వేరుతో పెకలింపవలెనని కోరువారు గలరు. వారి మాటలో సత్యము లేకపోలేదు. కాని అడుగువా రెవ్వరును లేని కంప యిది యొక్కటియే గనుక పేదలపొయ్యి దీనిపై నాధారపడినది. దానినైన ఇప్పుడు బొగ్గుబట్టీలవారు, లారీలవారు గుత్తకు పట్టుచున్నారు. ధర పలికినంతనే "ఊరికే" యను మాట మాయమగును. చెరువులోని కంపను వేలము వేయునప్పుడు నిన్నటివరకు దానిని కొట్టుకొన్న ఇల్లాలి నెవ్వరైన పిలిచిరా? పిలువరు. ఆమెకున్నది అలవాటే గాని హక్కు గాదు.

గ్యాసు వచ్చినది గదా, ఇంకను కట్టెలగోల యేల అని కొంద రడుగుదురు. వచ్చినమాట నిజము. 1999లో దీపము పథకము పొదుపుసంఘముల స్త్రీలకు గ్యాసు నిచ్చెను. 2016 మే 1న ఉజ్వల ప్రారంభమాయెను. 2024 నవంబరులో మన రాష్ట్రమున ఏటికి మూడు సిలిండర్లు ఉచితముగ నిచ్చుట ప్రారంభించిరి. ఇవి మేలుపనులు. పొగపొయ్యి చేయు కీడు సామాన్యము కాదు. ఇండ్లలోని పొగ మొదలగు కల్మషముచే 2020లో ప్రపంచమున 32 లక్షలమంది మరణించిరని ప్రపంచారోగ్యసంస్థ లెక్క. అయినను ఐదుగురున్న ఇంట మూడు సిలిండర్లతో ఏడాది వంట గడవదు. నాలుగవదానికి రొక్కము కావలయును. కూలి దొరకనినెలలో రొక్కము దొరకదు. అప్పుడు సిలిండరు మూల కూర్చుండును, స్నానపునీళ్ళు, సంగటి, పశువుల దాణా మరల కట్టెపొయ్యి కెక్కును. రొక్కము లేనివానికి కట్టెయే బ్యాంకు.

మరి యుపాయమేమి? దాని నెదుట పెట్టుకొనియే మనము వెదకుచున్నాము. చెన్నేకొత్తపల్లి ప్రాంతమున 1990లో వెలసిన టింబక్టు కలెక్టివు తోడ్పాటున ముష్టికోవిల చుట్టుపట్ల గ్రామములవారు బోడిగుట్టలను కాపాడ మొదలిడిరి. నిప్పు పడకుండ చూచిరి, కావలివారిని పెట్టుకొనిరి, మోడులు చిగిర్చిన కొమ్మలను బ్రతికించిరి. కల్పవల్లి యను పేర సుమారు 7 వేల ఎకరముల బంజరు మరల పచ్చనాయెను. మేత వచ్చెను, ఈతాకు వచ్చెను, ఎండుకట్టె వచ్చెను. ఇదే వానలో, ఇదే నేలలో వచ్చెను. కావున మన దారిద్ర్యమునకు వాన యొక్కటియే కారణమనుట చెల్లదు.

కాని ఆ కథ రెండవభాగమును వినవలయును. ఆ గుట్టలు రికార్డులలో ప్రభుత్వపు బంజరు. పెంచినవారు ప్రజలు, పట్టా మాత్రము వారిది కాదు. పిదప గాలిమరల నెలకొల్పుటకు గుట్టలను చీల్చి దారులు వేసినప్పుడు, చెట్టు పెంచినవాని మాటకు కాగితముపై బలము చాలకపోయెను. గాలివిద్యుత్తు దేశమునకు కావలసినదే. అయినను ఎవరినడిగి, ఎవరి వనమున, ఎవరికి పరిహారమిచ్చి అను ప్రశ్నలకు ఉత్తరమిచ్చునది హక్కుపత్రమే. శ్రమచే చెట్టు మొలచును, హక్కుచే నిలచును.

కావున చదువరులైన మీకు మూడు విన్నపములు. మొదటిది: మీమీ గ్రామములలో కట్టె దొరకు గుట్ట, వంక, చెరువుభూముల సర్వేనంబర్లను వ్రాసి, ఎవరెవరు ఎన్నాళ్ళుగ అనుభవించుచున్నారో పెద్దలచే చెప్పించి, గ్రామసభలో తీర్మానము చేయింపుడు. 2006 నాటి అటవీహక్కుల శాసనము పొదకంపను, మొద్దులనుగూడ చిన్నతరహా అటవీఫలసాయమున చేర్చినది. గిరిజనేతరులు 2005 డిసెంబరు 13కు పూర్వము మూడుతరములు, అనగా 75 ఏండ్లు, అడవిలో నివసించి దానిపై నాధారపడినట్లు చూపవలయును. కష్టమేగాని అసాధ్యము కాదు. పెద్దల వాఙ్మూలమును సాక్ష్యముగ గైకొనుటకు నియమములలో చోటు గలదు. ఆ పెద్దలు జీవించియున్నప్పుడే వ్రాసికొనుట మేలు.

రెండవది: సర్కారుతుమ్మను వేలము వేయుటకుముందు ఊరివారి పొయ్యికి భాగము తీయుడు. వంతులవారీగ కొట్టి, మోడు చిగిర్చుటకు వ్యవధి నిండు. గట్లపై కానుగ, వేప నాటుడు. వేరుసెనగ సాళ్ళనడుమ కంది వేయుడు. 2006 ఫిబ్రవరి 2న దేశమంతటికిని ఉపాధిహామీ మన నార్పల మండలములోని బండ్లపల్లెలోనే ప్రారంభమాయెను. గుంతత్రవ్వి మొక్కనాటుటకు కూలి యిచ్చుట మన మెరిగినదే. నాటినచెట్టు ఎవరిదని ముందే వ్రాసికొనుట యొక్కటియే మన మెరుగనిది.

మూడవది: తలమోపును లారీని ఒకే కంట చూడకుడు. ఎండుకట్టె నేరు స్త్రీని దొంగయని నిలువరించునప్పుడు, చదువరియైనవాడు ఒక్కడైన ప్రక్కన నిలిచి "ఇది ఏ నియమము క్రింద?" అని ప్రశ్నింపవలయును. ఆ ప్రశ్నకు చదువే పెట్టుబడి.

కట్టెమోపు తలపై శాశ్వతముగ నుండవలెనని నా కోరిక గాదు. ప్రతిపొయ్యియు పొగలేనిదగుదినము రావలయును. అది వచ్చువరకును కట్టె ఊరికే వచ్చుననుట మానుదము. అది ఊరికే చెందవలెనని, అనగా ఊరిదే కావలెనని, కాగితముపై వ్రాయింతము.