మెయిన్ బోర్డులో ఎవరు ఎవరికి కాపలా?



ముప్పై ఏళ్లుగా ఫ్యాక్టరీల్లో, పెద్ద భవనాల్లో కరెంటు పనులు చూస్తున్నవాణ్ణి కాబట్టి ఆ విషయమే నాలుగు మాటలు చెప్పమన్నారు. పెద్ద యంత్రాల జోలికి పోను. ఇంట్లో, బడిలో గోడకున్న మెయిన్ బోర్డు గురించే చెబుతాను.

"మా ఇంట్లో ట్రిప్ అయ్యే స్విచ్ ఉందండీ, షాక్ భయం లేదు" అని చాలామంది ధీమాగా అంటారు. వాళ్లు చూపించేది ఎంసీబీ. పాతకాలపు ఫ్యూజు చేసిన పనే అదీ చేస్తుంది. లోడు ఎక్కువైనా, ఫేజూ న్యూట్రలూ కలిసి షార్ట్ సర్క్యూట్ అయినా లైను తెంచేస్తుంది. వైరు వేడెక్కి నిప్పు అంటుకోకుండా చూస్తుంది. అంటే అది వైరుకు కాపలా. మనిషికి కాదు.

ఎందుకు కాదో ఈ బడిలో నేర్చుకున్న ఓమ్ సూత్రంతోనే లెక్క వేద్దాం. మనకు వచ్చే సప్లై 230 వోల్టులు. తడి ఒంటితో ఉన్న మనిషి రెసిస్టెన్స్ 1,000 ఓములు అనుకుందాం. భాగిస్తే 0.23 ఆంపియరు. ప్రాణం పోవడానికి అందులో సగం చాలు. కానీ గీజరు లైనులో ఉండే 16 ఆంపియర్ల ఎంసీబీకి అది చీమ కుట్టినట్టైనా ఉండదు. దాని లెక్కలో ఎక్కడో ఒక 60 వాట్ల బల్బు వెలిగిందంతే.

మరి ఎర్తింగ్ ఉంది కదా అంటారు. ఉండాలి. త్రీ పిన్ ప్లగ్గులో లావుపాటి పిన్ను అందుకే. సాకెట్‌లో పట్టడం లేదని దాన్ని విరిచేయడం ప్రాణంతో చెలగాటం. అయితే ఎర్త్ గొయ్యి ఎండిపోయి, కరెంటు భూమిలోకి వెళ్లే దారి మొత్తం రెసిస్టెన్స్ 23 ఓములకు చేరిందనుకోండి. లీకయ్యే కరెంటు 10 ఆంపియర్లే. 16 ఆంపియర్ల ఎంసీబీ అప్పుడూ కదలదు. గీజరు, కూలరు, మోటారు ఏదైనా సరే, దాని ఇనుప బాడీలో కరెంటు అలాగే నిలిచి ఉంటుంది.

ఇక్కడ మనిషికి కాపలా కాసేది ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్లిన కరెంటంతా న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా లేదా అని అది ఎప్పటికప్పుడు సరిచూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్ల రకమైతే, అంత తేడా రాగానే సెకనులో మూడో వంతు లోపే లైను తెంచుతుంది. దానికీ హద్దులున్నాయి. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రలు పట్టుకుంటే అది గుర్తించలేదు. ఓవర్‌లోడు సంగతీ దానికి పట్టదు. అందుకే ఎంసీబీ, ఎర్తింగ్, ఆర్‌సీసీబీ మూడూ ఉండాలి. వర్షాకాలంలో మాటిమాటికీ ట్రిప్ అవుతోందని కొందరు ఆర్‌సీసీబీని తీయించేస్తారు. తీయించాల్సింది దాన్ని కాదు, ఎక్కడో ఉన్న లీకేజీని.

ఇక మన బడి మాట. సంఘం తరఫున ఈ ఏడాది వాటర్ కూలర్ ఇవ్వాలనుకుంటున్నాం. సంతోషం. కానీ పిల్లలు తడి చేతులతో, వట్టి కాళ్లతో ముట్టుకునే వస్తువు అది. దానికి ముందు మూడు పనులు చేయిద్దాం. ఒకటి, కొత్త ఎర్త్ గొయ్యి తవ్వించి, ఎర్త్ టెస్టర్‌తో కొలిపించి, ఆ అంకె, తేదీ అక్కడే పెయింటుతో రాయించడం. రెండు, కూలరు, నీళ్ల మోటారు, ల్యాబు లైన్లకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీలు పెట్టించడం. మూడు, వాటి మీదుండే టెస్ట్ బటన్‌ను మూడు నెలలకోసారి నొక్కి, ట్రిప్ అయిందో లేదో రిజిస్టరులో రాసే బాధ్యత ఒకరికి అప్పగించడం. ఈ పనులు లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించాలి.

గొయ్యిలో పూడ్చిన ఎర్త్ పైపు మీద దాతల పేర్లు చెక్కించడానికి చోటుండదు. అయినా మొదటి చందా దానికే ఇద్దామని మిత్రులందరినీ కోరుతున్నాను. నా వాటా ఈ రోజే కోశాధికారి గారికి అందజేస్తున్నాను. సెలవు.