నొప్పిని చెప్పుకోవడం అసహనం కాదు

మొదటి ఖుత్బా

స్తుతులన్నీ మనల్ని పుట్టించి, పోషించి, రోగంలోనూ ఆరోగ్యంలోనూ కనిపెట్టి ఉండే అల్లాహ్‌కే చెందుతాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైన, వారి కుటుంబీకులపైన, సహచరులందరిపైన శాంతీ శుభాలూ కురియుగాక.

ప్రియ సోదరులారా, ఇండ్లలో ఉండి మైకు ద్వారా వింటున్న తల్లులారా, చెల్లెళ్లారా! అల్లాహ్ పట్ల భయభక్తులతో మెలగమని ముందుగా మాకు మేము, ఆ తరువాత మీకు హితవు చెబుతున్నాము.

ఈ జుమా నాడు మనం తలచుకోబోయే విషయం చాలా ఇండ్లలో ఉన్నదే. మింబర్ మీద మాత్రం అరుదుగా వినిపిస్తుంది. పిత్తాశయంలో రాళ్లు ఏర్పడి, ఆపరేషన్‌తో దానిని తీయించుకుని ఇంటికి చేరినవారి గురించి, ఆ తరువాత కూడా వారిలో కొందరిని వదలని నొప్పి గురించి మాట్లాడుకుందాము. మన ఇండ్లలో ఈ జబ్బును పథరీ అంటారు. ఇది పురుషులకన్నా స్త్రీలలో ఎక్కువ. మన కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాలలో చాట ముందు పెట్టుకుని, గంటల తరబడి వంగి కూర్చుని బీడీలు చుట్టే తల్లులెందరో ఉన్నారు. భర్త దుబాయిలోనో, సౌదీలోనో ఉంటే ఇంటి బరువంతా వారిదే. అటువంటి తల్లి ఆపరేషన్ చేయించుకుని వస్తుంది. నాలుగు రోజులు అందరూ పలకరిస్తారు. ఆ తరువాత పొయ్యి, చాట, నీళ్ల బిందె ఆమెవైపే చూస్తుంటాయి. నెల గడిచినా కుడి డొక్కలో నొప్పిగా ఉన్నదని ఆమె అంటే, "రాళ్లు తీసేశారు కదా, ఇంకా నొప్పేమిటి?" అని ఒకరు, "కొంచెం సబ్ర్ చేయమ్మా" అని మరొకరు అంటారు. ఆమె నోరు మూసుకుంటుంది. ఆ మౌనానికి మనం సబ్ర్ అని పేరు పెడతాము. ఆ పేరు సరైనదేనా అన్నదే ఈనాటి ప్రశ్న.

దివ్య ఖుర్ఆన్ సహనానికి ఆదర్శంగా చూపిన ప్రవక్త హజ్రత్ అయ్యూబ్ (అలై). వారు తమను బాధ చుట్టుముట్టిందని తమ ప్రభువుతో నోరు తెరిచి మొరపెట్టుకున్నారు. అలా చెప్పుకున్న అయ్యూబ్‌నే అల్లాహ్ సహనశీలి అని మెచ్చుకున్నాడు. అంతటితో ఆగలేదు. కాలితో నేలను తట్టమని ఆజ్ఞాపించి, స్నానానికీ తాగడానికీ చల్లని నీటిని ప్రసాదించాడు. మొర విన్నాడు, ఉపశమన మార్గం చూపాడు, సహనశీలి అన్న బిరుదూ ఇచ్చాడు. హజ్రత్ యాఖూబ్ (అలై) కూడా కుమారుని ఎడబాటులో తన దుఃఖాన్ని అల్లాహ్‌కు విన్నవించుకున్నారు. వారి సబ్ర్‌కు దాని వలన ఏ లోటూ రాలేదు.

ఇక మనుషులతో చెప్పుకోవడం సంగతి చూడండి. విశ్వాసుల మాత హజ్రత్ ఆయిషా (రజి) ఒకసారి తలనొప్పితో మూలిగారు. దైవప్రవక్త (స) ఆమెను మందలించలేదు. తన తల కూడా నొప్పిగా ఉన్నదన్నారు. హజ్రత్ ఉస్మాన్ బిన్ అబిల్ ఆస్ (రజి) అనే సహచరుడు తాను ఇస్లాం స్వీకరించిన నాటినుంచి ఒంట్లో ఒక నొప్పి ఉన్నదని ప్రవక్త (స)తో చెప్పుకున్నారు. ఇన్నాళ్ల నొప్పి గురించి ఇప్పుడెందుకు చెబుతున్నావని వారు అడగలేదు. నొప్పి ఉన్నచోట చేయి పెట్టి మూడుసార్లు బిస్మిల్లాహ్ అనమని, ఏడుసార్లు అల్లాహ్ శరణు కోరమని నేర్పారు. ఈ సంఘటన ఇమామ్ ముస్లిం గారి హదీసు గ్రంథంలో నమోదై ఉన్నది.

కనుక హద్దు ఎక్కడున్నదో గ్రహించండి. అల్లాహ్ నిర్ణయంపై అలిగి, ఆయన్ను నిందించడం అసహనం. నొప్పి ఉన్నది, ఇక్కడ ఉన్నది, ఇలా ఉన్నది అని ఇంటివారికీ వైద్యునికీ చెప్పడం కేవలం నిజం పలకడం. నిజం పలకడం ఎన్నడూ సబ్ర్‌కు శత్రువు కాదు.

రాళ్లు తీసేసిన తరువాత నొప్పి ఎందుకుంటుందని అడిగేవారు కొంత తెలుసుకోవాలి. కాలేయం తయారుచేసే పైత్యరసాన్ని దాచి ఉంచి, కొవ్వు పదార్థం తిన్నప్పుడు పేగులోకి వదిలే చిన్న తిత్తి పిత్తాశయం. దానిని తీసివేసినా మనిషి జీవించగలడు; పైత్యరసం నేరుగా పేగులోకి పారుతుంది. శరీరం ఈ కొత్త ఏర్పాటుకు అలవాటుపడే దాకా కొందరికి నూనె వంటలు తింటే కడుపు ఉబ్బరిస్తుంది, విరేచనాలవుతాయి. ఇప్పుడు ఈ ఆపరేషన్‌ను సాధారణంగా నాలుగు చిన్న రంధ్రాల ద్వారా, కడుపులోకి గాలి నింపి చేస్తారు. ఆ గాలి ప్రభావం వలన కొన్ని రోజులు భుజం కూడా నొస్తుంది. కోసింది కడుపైతే భుజం నొప్పేమిటని నవ్వేవారికి జవాబు ఇదే. తేలికపాటి పనులకు చాలామంది ఒకటి రెండు వారాలలో తిరిగి వస్తారు. పొట్టను పెద్దగా కోసి చేసిన ఆపరేషన్ అయితే నెలా నెలన్నర పట్టవచ్చు.

కొందరిలో మాత్రం నొప్పి నెలల తరబడి ఉంటుంది. పైత్యరసం పారే నాళంలో ఒక రాయి మిగిలి ఉండవచ్చు. ఆ నాళం పేగులో కలిసేచోట కండరం బిగుసుకుపోవచ్చు. రంధ్రం వేసినచోట హెర్నియా ఏర్పడవచ్చు. అసలు నొప్పి కడుపులోని పుండుదో, ఆమ్లానిదో కావచ్చు. వీటిలో ఏదో తేల్చేది పరీక్షలే గాని, ఇరుగుపొరుగు అభిప్రాయాలు కావు. నాళంలో రాయి మిగిలితే నోటి ద్వారా ఎండోస్కోపు పంపి తీసే విధానం ఉన్నది. ఆ విద్యలో ప్రపంచ ఖ్యాతి పొంది, 2025లో పద్మవిభూషణ్‌కు ఎంపికైన డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి గారు మన హైదరాబాదు వైద్యులే.

వైద్యం వెతుక్కోవడం తవక్కుల్‌కు విరుద్ధమని ఎవరూ భావించకండి. చికిత్స చేయించుకోవచ్చా అని ఎడారివాసులు అడిగినప్పుడు, చేయించుకోమని, ముసలితనానికి తప్ప ప్రతి రోగానికీ అల్లాహ్ మందు ఉంచాడని దైవప్రవక్త (స) బోధించారు. ఆ బోధ విన్న ఉమ్మత్‌లోనే కార్డోబా నగరపు అబుల్ ఖాసిం జహ్రావీ వంటి వైద్యులు పుట్టారు. వెయ్యేళ్ల క్రితం ఆయన 30 భాగాల వైద్య గ్రంథం రాసి, చివరి భాగాన్ని శస్త్రచికిత్సకు కేటాయించి, పరికరాల బొమ్మలు గీసి చూపారు. పిత్తాశయాన్ని తొలగించే ఆపరేషన్ మొదట 1882లో బెర్లిన్‌లో కార్ల్ లాంగెన్‌బుఖ్ చేతుల మీదుగా జరిగింది. చిన్న రంధ్రాల విధానాన్ని 1990లో ముంబయిలో డాక్టర్ తెహెంతన్ ఉద్వాడియా మన దేశానికి పరిచయం చేశారు. ఇవన్నీ అల్లాహ్ తన దాసుల చేతుల ద్వారా పంపిన కారుణ్యమే.

ఈ మాటలు చెప్పి, మా కొరకూ మీ కొరకూ అల్లాహ్‌ను క్షమాభిక్ష వేడుకుంటున్నాము. మీరూ వేడుకోండి.

రెండవ ఖుత్బా

అల్లాహ్‌కే స్తుతి. ఆయన ప్రవక్తపై సలాం.

సోదరులారా! ఇప్పుడు ఎవరి బాధ్యత ఏమిటో విడివిడిగా చెప్పుకుందాము.

మొదట రోగి బాధ్యత. మీ శరీరానికి మీపై హక్కు ఉన్నదని ప్రవక్త (స) తెలిపారు. కనుక నొప్పిని దాచకండి. ఎప్పుడు వస్తున్నది, ఏమి తింటే వస్తున్నది, ఎంతసేపు ఉంటున్నది అన్నది గుర్తుంచుకుని ఆపరేషన్ చేసిన డాక్టరుకే చెప్పండి. డిశ్చార్జి కాగితాలు వెంట తీసుకుపోండి. మెడికల్ షాపులో నొప్పి బిళ్లలు కొని నెలల తరబడి మింగకండి. చలితో జ్వరం వచ్చినా, కండ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగుకు మారినా, నొప్పి పెరుగుతూ వాంతులైనా, గాయం నుంచి చీము కారినా రేపటిదాకా ఆగకండి. ఆ రోజే ఆసుపత్రికి చేరండి. ఖర్చుకు జంకేవారు ఆరోగ్యశ్రీ ఉన్న ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలిసి, తమ చికిత్సకు పథకం వర్తిస్తుందో లేదో అడగండి. తిండి విషయంలో, కడుపులో మూడింట ఒక వంతే ఆహారానికని ప్రవక్త (స) నేర్పిన కొలత ఈ రోగికి మరీ అవసరం. కొంచెం కొంచెంగా, తక్కువ నూనెతో తినండి.

రెండవది ఇంటివారి బాధ్యత. నొప్పి కంటికి కనబడదు; నమ్మడం ఒక్కటే మన చేతిలో ఉన్నది. వైద్యుడు చెప్పినన్ని రోజులు ఆమె బిందె ఎత్తకుండా, బియ్యం మూట జరపకుండా చూడటం కొడుకుల పని, మరదుల పని. ఇంట్లో ఉన్నప్పుడు దైవప్రవక్త (స) ఇంటి పనులలో పాలుపంచుకునేవారు. వారికన్నా మన గౌరవం పెద్దదేమీ కాదు. గల్ఫ్‌లో ఉన్న సోదరులారా, మీరు పంపే సొమ్ము వెలలేనిదే. దానితోపాటు ఫోనులో, "నొప్పి తగ్గిందా? డాక్టరు దగ్గరికి ఎవరు తీసుకుపోతున్నారు?" అని కూడా అడగండి. ఆ రెండో ప్రశ్నకు జవాబు దొరికేదాకా ఫోను పెట్టకండి.

మూడవది చూడవచ్చేవారి బాధ్యత. రోగిని పరామర్శించేవాడు తిరిగి వచ్చేదాకా స్వర్గ ఫలాల మధ్య ఉన్నట్లేనని శుభవార్త ఉన్నది. ఆ పుణ్యాన్ని మాటలతో పాడుచేసుకోకండి. ఫలానా వారికి ఇదే ఆపరేషన్ వికటించిందని మంచం పక్కన కూర్చుని వర్ణించకండి. వలీమా విందులో "ఒక్క ముద్ద తింటే ఏమవుతుంది?" అని బగారా అన్నం, దాల్చా పళ్లెంలో కుమ్మరించకండి. కొద్దిసేపు కూర్చోండి, దుఆ చేయండి, ఏదైనా పని ఉంటే చేసిపెట్టి రండి.

నాలుగవది ఆరాధనల సంగతి. హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) మూలవ్యాధితో బాధపడుతూ నమాజ్ గురించి అడిగితే, నిలబడి చేయమని, చేతకాకుంటే కూర్చుని, అదీ కాకుంటే పక్కకు పడుకుని చేయమని ప్రవక్త (స) అనుమతించారు. వంగలేనివారు సైగతో రుకూ, దానికన్నా కొంచెం ఎక్కువ వంగి సజ్దా చేయవచ్చు. నీరు తగిలితే గాయానికి హాని ఉంటే కట్టు మీద తడిచేత్తో మసహ్ చేస్తే చాలు. రోగికి జుమా తప్పనిసరి కాదు. ఇంట్లో జుహర్ చేసుకోవచ్చు. రమజాన్‌లో రోజాలు తప్పితే కోలుకున్నాక పూర్తి చేసుకోవచ్చు.

ఈ సౌలభ్యాలను తగ్గించి చెప్పే హక్కు ఎవరికీ లేదు. ప్రవక్త (స) కాలంలో ఒక ప్రయాణికునికి తలకు గాయమైంది. గుసుల్ విధి అయినప్పుడు, తయమ్ముమ్‌కు వీలున్నదా అని తోటివారిని అడిగాడు. వీలు లేదన్నారు. అతడు స్నానం చేసి మరణించాడు. ఆ వార్త విని ప్రవక్త (స) తీవ్రంగా ఆగ్రహించారు. ఆ చావుకు వారినే బాధ్యులను చేశారు. తెలియనప్పుడు అడిగి ఉండవలసిందన్నారు. బాధలో ఉన్నవారికి తెలిసీ తెలియని కఠిన సలహాలిచ్చే మనందరికీ ఇది హెచ్చరిక. "సబ్ర్ చేయమ్మా" అన్న మాట కూడా, వైద్యం అందవలసిన మనిషిని ఇంట్లో కూర్చోబెట్టేదైతే, అటువంటి సలహాయే అవుతుంది.

ఈ రోజు నమాజ్ తరువాత ఇంటికి వెళ్లి, ఈ ఏడాదిలో ఆపరేషన్ అయినవారు మీ ఇంట్లో ఉంటే, వారి పక్కన కూర్చుని ఒక్క మాట అడగండి: ఇంకా నొప్పి ఉన్నదా? జవాబు పూర్తయ్యేదాకా వినండి.

ఓ అల్లాహ్! రోగులందరికీ సంపూర్ణ స్వస్థత ప్రసాదించు. నొప్పిని దాచుకుని కుమిలిపోతున్న తల్లుల మొర ఆలకించు. వైద్యుల చేతులలో శుభం ఉంచు. పరదేశంలో శ్రమిస్తున్న మా బిడ్డలను కాపాడు. మాకు వినే చెవులనూ, కరిగే హృదయాలనూ ప్రసాదించు. మా దుఆలను స్వీకరించు. ఆమీన్.