ఊదువాని ఊపిరి



మన పిల్లలలో అనేకులు సన్నాయియో, క్లారినెట్టో పట్టిన కొద్ది నెలలకే "నాకు దమ్ము చాలదండి" అని విడిచిపెట్టుచున్నారు. వారిలో చాలమందికి కొరవడినది దమ్ము కాదు. ఆ సంగతి చెప్పుటకే నేడు మీ యెదుట నిలిచినాను.

మామూలుగా మనము ఒక్కసారి పీల్చు గాలి సుమారు అర లీటరు. ఎదిగిన మగవాని ఊపిరితిత్తులలో ఇంచుమించు 6 లీటర్లు పట్టును. అందులో లీటరు పైచిలుకు ఎంత ఊదినను బయటికి రాదు. తక్కినదానిని ఖర్చు పెట్టు తీరు తెలియవలెను. భుజములు ఎగురవేసి పీల్చువానికి రొమ్ము పైభాగమే నిండును. క్రింది ప్రక్కటెముకలు, పొట్ట వెడల్పగునట్లు పీల్చి, ఊదునప్పుడు పొట్టను ఒక్కసారిగా కూలనీయక మెల్లగా వదలవలెను. నెలజీతము మొదటి వారములోనే ఖర్చు చేయువాని గతి మీకు నేను చెప్పనక్కరలేదు గదా!

అయితే అన్ని వాద్యములకు ఒకే లెక్క చెల్లదు. పిల్లనగ్రోవిలో ఊదిన గాలి కొంత రంధ్రము అంచు దాటి బయటికే పోవును. గనుక త్వరగా అయిపోవును. సన్నాయి అట్లు కాదు. దాని రెల్లు పీకలో సందు మిక్కిలి సన్నము. ఒత్తిడి ఎక్కువ కావలెను, గాలి మాత్రము కొంచెమే పోవును. చరణము ముగియునప్పటికి రొమ్ములో ఇంకను గాలి ఉండనే ఉండును, కాని అది ప్రాణవాయువు తగ్గిన పాత గాలి. క్రొత్తవాడు గాలి చాలలేదనుకొని దాని మీదనే మరికొంత పీల్చును. ఉక్కిరిబిక్కిరియై కన్నులు తిరుగును. ముందు విడువవలెను, తరువాత పీల్చవలెను. పాశ్చాత్యుల ఓబో వాద్యమునకును ఇదే పాఠము.

మేళములో శ్రుతి పట్టువానిని గమనించితిరా? అతని నాదము తెగదు. బుగ్గలలో గాలి నిలిపి, దానిని బుగ్గలతోనే నెట్టుచు, అదే క్షణమున ముక్కుతో పీల్చుకొనును. దీనిని అభ్యసించుటకు గ్లాసెడు నీళ్లు, కూల్‌డ్రింకు స్ట్రా ఒకటి చాలును. బుడగలు ఆగకుండ రావలెను, అంతే. కొన్నాళ్లు పట్టును, మొదట ముఖమంతా తడియును.

ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో జన్మించి, శ్రీరంగములో స్థిరపడిన షేక్ చినమౌలానా గారిని ఎరుగనివారు అరుదు. 1977లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. 1999లో గతించినను ఆయన రికార్డులు నేటికిని దొరకును. అందరును ఆయన దీర్ఘమైన పలుకులను మెచ్చుకొందురు. నేనైతే ఆయన ఊరకున్న తావులను కూడ వినుడందును.

మన కీర్తనలలో మాట నడుమ ఊపిరి తీసిన అర్థము తెగును. బ్యాండు ఆగినచోట సంఘమును ఆగును. కాబట్టి ఈ సాయంత్రము అభ్యాసమునకు పెన్సిలు తెచ్చుకొనుడి. మాట ముగిసినచోటనెల్ల చిన్న కామా పెట్టుకొందము. సన్నాయి, క్లారినెట్టు వారు చరణము చివర రెండు పెట్టుకొనుడి: ఒకటి వదలుటకు, ఒకటి పీల్చుటకు.