చిన్న యంత్రం కొలతకు సాఫ్ట్‌వేర్ కుట్టడం
(విద్యార్థి వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటర్ చదువులో ఏ దారి మంచిదో చెప్పమని ట్రస్టు వారు కోరారు. అన్ని దారులూ నాకు తెలియవు. చాలా ఏళ్లుగా నేను చేస్తున్న పని ఒక్కటే, దాని గురించే చెబుతాను. వైఫై పెట్టె, టీవీ పెట్టె, బస్సులో టికెట్టు యంత్రం వంటి చిన్న పరికరాల్లో నడిచే సాఫ్ట్‌వేర్‌ను పెద్ద కంప్యూటర్ మీద తయారుచేసి, సరిగ్గా మూటకట్టి పంపడం నా పని. మొదటి భాగాన్ని క్రాస్ కంపైలింగ్ అంటారు, రెండో భాగాన్ని ప్యాకేజింగ్ అంటారు. ఇది నేర్చుకోవడానికి అప్పు చేయనక్కరలేదని తల్లిదండ్రులకు ముందే చెబుతున్నాను. ఎందుకు అక్కరలేదో తెలియాలంటే పని ఏమిటో తెలియాలి.

మన బళ్లారి జీన్స్ ప్యాంట్లు మీకందరికీ తెలుసు. కుట్టే మనిషి తన నడుము కొలిచి కుట్టడు. ఎక్కడో ఉన్న ఎవరి కొలతకో ఇక్కడ కుడతాడు. క్రాస్ కంపైలింగ్ కూడా అంతే. మామూలుగా మనం కంప్యూటర్ మీద రాసిన ప్రోగ్రాము ఆ కంప్యూటర్ మీదే నడుస్తుంది. వైఫై పెట్టెలోని ప్రాసెసరు వేరు. అది ఆర్మ్ జాతిదో మిప్స్ జాతిదో అయి ఉంటుంది, ఇంటెల్ ప్రాసెసరుకు ఇచ్చిన ఆదేశాలు దానికి అర్థం కావు. మరి ఆ పెట్టె మీదే కంపైల్ చేయకూడదా అని మీరు అడగవచ్చు. 2002 చివర్లో వచ్చిన లింక్‌సిస్ డబ్ల్యుఆర్‌టీ54జీ అనే రౌటరు తొలి నమూనాలో నిల్వకు 4 మెగాబైట్లు, మెమరీకి 16 మెగాబైట్లు మాత్రమే ఉండేవి. నేటి ఫోనులో ఒక మంచి ఫొటోకే అంత చోటు పడుతుంది. కంపైలరు అందులో పట్టదు.

ఆ రౌటరు వెనక ఒక కథ ఉంది. దానిలో లినక్స్ ఉందని 2003లో బయటివారు కనిపెట్టారు. లినక్స్ జీపీఎల్ అనే లైసెన్సు కింద ఉంటుంది. ఆ లైసెన్సు ప్రకారం, పరికరం అమ్మినవారు అందులోని ఆ సాఫ్ట్‌వేర్ మూలాన్ని కొన్నవారికి అందుబాటులో ఉంచాలి. పట్టుబట్టి అడిగాక కంపెనీ ఇచ్చింది. దాని ఆధారంగా 2004లో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ అనే స్వేచ్ఛా వ్యవస్థ మొదలైంది. ఇప్పుడది ఎన్నో కంపెనీల పరికరాల మీద నడుస్తోంది.

ఇంకా దగ్గరి ఉదాహరణ బెంగళూరులోనే ఉంది. ఇక్కడి పిల్లల్లో ఎందరు సింప్యూటర్ పేరు విన్నారో తెలియదు. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ అధ్యాపకులు విజయ్ చంద్రు, స్వామి మనోహర్, రమేశ్ హరిహరన్, వి. వినయ్, ఎన్‌కోర్ సంస్థ ఇంజినీర్లు కలిసి ఒక ట్రస్టుగా ఏర్పడి తయారుచేసిన చేతి కంప్యూటర్ అది. చదువు రాని మనిషి కూడా వాడగలగాలని, మన భాషల్లో మాట్లాడాలని వారి ఉద్దేశం. 2001లో నమూనా చూపించారు. 2004 మార్చిలో భారత్ ఎలక్ట్రానిక్స్ తయారుచేసిన అమిడా సింప్యూటర్ మార్కెట్లోకి వచ్చింది. అన్నిటికంటే చవక నమూనా ధర 9,950 రూపాయలు. కర్ణాటక ప్రభుత్వం భూమి రికార్డుల పనిలో వీటిని ప్రయోగాత్మకంగా వాడింది. గోవాలో గని నుంచి ఓడ దాకా ఇనుప ఖనిజం రవాణా లెక్కకూ వాడారు. సండూరు వారికి ఆ అవసరం ఏమిటో నేను చెప్పనక్కరలేదు.

మొదటి సింప్యూటర్‌లో స్ట్రాంగ్‌ఆర్మ్ ప్రాసెసరు ఉండేది, వేగం 206 మెగాహెర్ట్జ్. దశాంశ లెక్కలు చేసే ప్రత్యేక భాగం దానిలో లేదు. అటువంటి లెక్కలు ఎక్కువున్న ప్రోగ్రామును తెచ్చి పెడితే నత్తనడక నడుస్తుంది. అంటే క్రాస్ కంపైల్ చేసేవాడు అవతలి యంత్రానికి ఏముంది, ఏం లేదు అన్నది తెలుసుకుని కుట్టాలి.

పని ఎక్కడ తెగుతుందో కాలేజీ పిల్లల కోసం ఒకటి రెండు చెబుతాను, పెద్దలు కొంచెం ఓపిక పట్టాలి. సీ భాషలో చార్ అనే చిన్న గడి ఉంది కదా. లినక్స్‌లో ఇంటెల్ యంత్రం మీద అది రుణ సంఖ్యలను కూడా పట్టుకుంటుంది. ఆర్మ్ మీద మామూలుగా పట్టుకోదు. ఫైలు చదవడం అయిపోయిందని తెలిపే సంకేతం మైనస్ ఒకటి. ఆ విలువను చార్‌లో పెట్టి పోల్చితే ఇంటెల్ మీద ప్రోగ్రాము చక్కగా ఆగుతుంది. ఆర్మ్ మీద అదే విలువ 255 అయి కూర్చుంటుంది, ప్రోగ్రాము ఎప్పటికీ ఆగదు. దాన్ని ఇంట్‌లో పెట్టాలని పాఠ్యపుస్తకంలోనే ఉంటుంది. కానీ పరీక్షలో ఎవరూ అడగరు, ల్యాబులో తప్పు బయటపడదు. ఇంకొకటి చూడండి. చాలా ప్రోగ్రాములు కంపైల్ చేసే ముందు ఒక చిన్న పరీక్ష ప్రోగ్రాము తయారుచేసి నడిపి చూసుకుంటాయి. ఆర్మ్ కోసం కట్టినది ఇంటెల్ మీద నడవదు కనుక అక్కడే ఆగిపోతాయి. అప్పుడు ఆ జవాబును మనమే రాసి ఇవ్వాలి. తెలియక తప్పు జవాబు ఇస్తే నెలల తర్వాత ఎక్కడో తేలుతుంది.

ఇక ప్యాకేజింగ్. ప్యాంటు కుట్టడంతో వ్యాపారం అయిపోదు. సైజు చీటీ పెట్టాలి, లెక్క రాయాలి, మూట కట్టాలి. సాఫ్ట్‌వేర్ మూట మీద పేరు, వెర్షను, ఏ ప్రాసెసరుకు, లైసెన్సు ఏమిటి, ఇది నడవాలంటే ఇంకా ఏ మూటలు కావాలి అన్నవి రాస్తాం. ఈ చివరి సంగతి దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. తెలుగు, కన్నడ అక్షరాలు తెర మీద సరిగా రావాలంటే ఫాంటు ఒక్కటే చాలదు, ఒత్తులను చోటు చూసి కూర్చే హార్ఫ్‌బజ్ వంటి లైబ్రరీ కావాలి. తయారుచేసేవాడి కంప్యూటర్లో అది ముందే ఉంటుంది కనుక అతనికి గుర్తు రాదు. చీటీలో రాయడు. పరికరం మీద "స్త్రీ" అనే మాట విరిగి ముక్కలుగా కనిపిస్తుంది. ఇంగ్లీషు మాత్రమే చదివే ఇంజినీరుకు అది తప్పని కూడా తెలియదు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ చదివిన మన సరిహద్దు పిల్లకు చూడగానే తెలుస్తుంది. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు వెళ్లి బళ్లారి ఇటు మిగిలినందుకు మనకు దక్కిన లాభాల్లో దీన్ని కూడా ఒకటిగా నేను లెక్క వేస్తాను.

మూట ఒకసారి కడితే తీరే పని కూడా కాదు. 2014 ఏప్రిల్‌లో ఓపెన్ఎస్‌ఎస్‌ఎల్ అనే లైబ్రరీలో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడింది. దాని గుండా బయటివారు యంత్రం మెమరీలోని రహస్యాలు చదవగలిగేవారు. సవరించిన మూట రాగానే సర్వర్లను ఒక ఆదేశంతో సరిచేసుకోగలిగారు. చిన్న పెట్టెలకైతే ఎవరో ఒకరు ప్రతి జాతి ప్రాసెసరుకూ మళ్లీ కట్టి పంపాలి. పంపేవారు లేని పెట్టెలు అలాగే ఉండిపోయాయి. మన ఆసుపత్రుల్లో, బ్యాంకుల్లో, ఇళ్లలో ఉండే పెట్టెల సంగతి ఇది. ఆ మనుషుల కొరత ఇప్పటికీ ఉంది.

సింప్యూటర్ విషయానికి మళ్లీ వస్తే, అది అమ్ముడుపోలేదు. 50,000 అమ్మాలని ఆశించారు, కొన్ని వేలు దాటలేదు. ధర దిగలేదు, ఈలోగా సెల్‌ఫోన్లు ఊరూరా వచ్చాయి. కానీ ఆ పనిలో భాగంగా రమేశ్ హరిహరన్ మొదలుపెట్టిన ధ్వని అనే చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ బయటివారికి తెరిచి ఉండడం వల్ల, తర్వాత సంతోష్ తొట్టింగల్ మొదలైనవారు దాన్ని అందుకుని పెంచారు. అది తెలుగు కూడా చదువుతుంది. పరికరం పోయినా మూలం నిలిచింది. మూలం మూసి ఉన్న ఎన్ని మంచి పనులు కంపెనీతో పాటే పోయాయో లెక్క లేదు.

ఇప్పుడు ఖర్చు సంగతి. ఈ మధ్య ఒక తండ్రి నన్ను అడిగారు, అబ్బాయిని బెంగళూరులో ఎంబెడెడ్ కోర్సులో చేర్చడానికి చేను కుదువ పెట్టవచ్చా అని. వద్దన్నాను. ఇంట్లో ఒక పాత కంప్యూటర్, దానిలో డెబియన్ గాని ఉబుంటు గాని ఉంటే ఆర్మ్ కోసం క్రాస్ కంపైలరు ఉచితంగా దొరుకుతుంది. బిల్డ్‌రూట్ ఉచితం. పరికరం కొనలేకపోతే ఫాబ్రీస్ బెల్లార్ 2003లో విడుదల చేసిన క్యూఈఎంయూ అనే ప్రోగ్రాము ఉంది, అది కంప్యూటర్ లోపలే ఆర్మ్ యంత్రాన్ని నటించి చూపిస్తుంది. నేను పైన చెప్పిన చార్ తప్పును అందులోనే పట్టుకోవచ్చు.

విద్యార్థులకు నేను చెప్పే పద్ధతి ఇది. మొదటి నెల ఒక చిన్న సీ ప్రోగ్రామును ఆర్మ్‌కు కంపైల్ చేసి క్యూఈఎంయూలో నడపండి. తర్వాత బిజీబాక్స్ తీసుకోండి. ఎన్నో ఆదేశాలను ఒకే ఫైలులో ఇమిడ్చిన ప్రోగ్రాము అది, చిన్న యంత్రాలకు అన్నం లాంటిది. ఆ తర్వాత ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీలో గాని డెబియన్‌లో గాని దిక్కులేకుండా ఉన్న ఒక మూటను వెతకండి. డెబియన్ వారు అటువంటి వాటి జాబితా బహిరంగంగానే పెడతారు. దానిలో ఒక తప్పు సరిచేసి పంపండి. తిప్పి పంపుతారు, మళ్లీ పంపండి. తీసుకున్న రోజున మీ పేరు, తేదీ అందులో చేరతాయి, ఎవరైనా చూడవచ్చు. నా దగ్గరికి ఉద్యోగానికి వచ్చేవారిని నేను మార్కుల కంటే ముందు దాన్నే అడుగుతాను. అందరూ అలా అడుగుతారని మాత్రం చెప్పలేను. మొదటి వడపోతలో మార్కులే చూసే కంపెనీలు చాలా ఉన్నాయి, కనుక పరీక్షలు వదిలేయకండి.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. ఈ పనికి మొదటి రెండేళ్లు ఊరు దాటనక్కరలేదు. పాప ఇంట్లో కూర్చుని చేస్తుంటే ఆడుకుంటోంది అనుకుని లేపకండి, కంపైల్ ఒక్కోసారి రెండు మూడు గంటలు పడుతుంది. ఆ గంటలు కరెంటు పోకుండా ఉంటే అదే పెద్ద సాయం.

సందేహాలున్న పిల్లలు భోజనాల తర్వాత ఈ వేదిక పక్కనే నన్ను కలవవచ్చు. కంప్యూటర్ కూడా వెంట తెచ్చాను.