మూలుగదానము



మా మల్యాల చెంతనున్న కొండగట్టు, ఆంజనేయుడు కొనివచ్చుచుండిన సంజీవని గిరినుండి జారిపడిన తునక యని స్థలపురాణము. నేడు నేను చెప్పబోవు సంజీవని మన యెముకలలోని మూలుగయందే కలదు.

రక్తమును పుట్టించు మూలకణములకు మూలుగయే నిలయము. తలసీమియా, రక్తపు క్యాన్సరు మొదలగు వ్యాధులయందు ఈ కణములు మంచి రక్తమును పుట్టింపజాలవు. అప్పుడు ఇతరుల కణములను రోగి శరీరమున ప్రవేశపెట్టుదురు. మన దేశమున ఈ చికిత్స 1983లో బొంబాయి టాటా ఆసుపత్రియందు మొదలయ్యెను. రక్తపు గ్రూపు కలిసినంత మాత్రమున చాలదు, హెచ్.ఎల్.ఏ. యను గుర్తులు కలియవలెను. ఒక తోబుట్టువుతో అవి పూర్తిగా కలియుటకు నాలుగింట నొక పాలు మాత్రమే అవకాశము. కలియనివారు దాతల పట్టికను వెదకవలసినదే.

ఈ గుర్తులు వంశమునుబట్టి వచ్చును. అందుచే అమెరికా పట్టికయందు పూర్తిగా సరిపడు దాత దొరకు అవకాశము తెల్లవారికి నూటికి 79 పాళ్లు, ఆసియావారికి 47, నల్లవారికి 29 మాత్రమే. అచ్చట స్థిరపడిన తెలుగువారు ఆసియావారి లెక్కలోనివారే. మనము తరతరములుగా కులములోనే వియ్యమందినవారము. కావున మన బిడ్డకు జోడు మన పల్లెలయందే యుండవచ్చును. పట్టికలో పేరు లేనిచో ఎవరికి తెలియును?

జన్యువులను సవరించు విద్యయు వచ్చినది. రోగి స్వంత కణములనే దిద్ది మరల నెక్కించు చికిత్సకు 2023 నవంబరులో బ్రిటను అనుమతి నొసగెను. దీనికి దాత యక్కరలేదు. కాని అమెరికాలో దీని వెల 22 లక్షల డాలర్లు! దాత కణములలోని గుర్తులను చెరిపి పలువురకు చెల్లునట్లు చేయు యత్నములు ఇంకను పరిశోధనలోనే యున్నవి.

అంతవరకు దాతలే దిక్కు. చెన్నపట్టణమున 2009లో నెలకొన్న ‘దాత్రి’ వంటి సంస్థలు దూదిపుల్లతో చెంపలోపల రాచి నమూనా గైకొనును. దానమిచ్చిన నడుము విరుగునని మా ప్రాంతపు పెద్దలు జంకుట నేనెరుగుదును. సాధారణముగా ఎముకను తాకనే తాకరు. కొన్ని దినములు సూదిమందు ఇచ్చి, చేతి నరమునుండి రక్తము తీసి, కణములను వేరుచేసి, తక్కిన రక్తమును మరల దాతకే యెక్కింతురు.

ఒక్క విన్నపము. దానమునకు ముందు రోగి మూలుగను మందులతో నశింపజేయుదురు. ఆ పిమ్మట దాత యింటి పెద్దలు వలదనినచో ఆ రోగి ప్రాణము దక్కుట దుర్లభము. పెద్దలారా! పేరు వ్రాయించుటకు ముందే ఇంటిల్లిపాదియు కూర్చుండి యోచింపుడు. సరే యన్న పిదప మాటకు నిలువుడు.