పరరాష్ట్రవాసము – స్థానిక సహవాసము



ఈ వార్షిక మహాసభయందు పరరాష్ట్రవాసమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని ఆహ్వానసంఘమువారు నన్ను ఆదేశించిరి. నేను ముప్పది సంవత్సరములకు పైగా ఈ పాతబస్తీలో బాలురకు తెలుగును, ఏ కొందఱికో సంస్కృతమును బోధించి విశ్రాంతి గైకొన్నవాడను. వ్యాపారమర్మములు నాకు దెలియవు. అయినను ఈ మండపమున సోలాపురమునుండియు, భివండినుండియు, సూరతునుండియు వచ్చిన మన సోదరులు కూర్చుండియున్నారు. వారి ప్రక్కనే గౌలిపురా, షాలిబండ, లాల్ దర్వాజలలో మూడు తరములుగా నున్నవారును కలరు. ఊరు విడిచి పోయినవారును, ఊరికి వచ్చినవారిని జూచినవారును ఒకే చాపమీద నున్నపుడు ఈ ప్రస్తావన చేయుట యుక్తమే యని తలంచి ఒప్పుకొంటిని.

మనము నేతవారము గనుక ఇట్టి సందర్భమున పడుగును పేకను దెచ్చి పోల్చుట ఆచారమైనది. ఆ పోలిక మన సభలలో చిరుగుపట్టియున్నది. దానిని నేడు పెట్టెలోనే యుంచెదను.

మొదట మనము కూర్చున్న యీ నగరమునే చూతము. 1591లో చార్మినారు వెలసిన నాటినుండి ఇచ్చటికి వచ్చినవారే గాని, మొదటినుండి ఇచ్చటనే యున్నవార మని చెప్పుకొనగలవారు కొలదిమంది. 1763లో నిజాం ఆలీఖాను రాజధానిని ఔరంగాబాదునుండి ఇక్కడికి మార్చెను. ఆ కొలువు వెంట ఉత్తరదేశపు కాయస్థులును, ఖత్రీలును లెక్కలు వ్రాయుటకు వచ్చిరి. ఖత్రీవంశజుడైన మహారాజా కిషన్ ప్రసాదు ఈ రాజ్యమునకు రెండుమాఱులు ప్రధానమంత్రియై, ‘షాద్’ అను పేర ఉర్దూ కవిత్వము వ్రాసెను. యెమెన్ దేశపు హద్రమౌతునుండి వచ్చిన అరబ్బు సైనికుల సంతతి నేటికిని బార్కసులో నున్నది. ‘బ్యారక్స్’ అను ఇంగ్లీషు మాట మన నోళ్లలో నలిగి బార్కసయ్యెను. మా తాతగారు నల్లగొండ ప్రాంతమునుండి మగ్గము విప్పి బండిమీద వేసికొని షాలిబండకు వచ్చిరి. అదియు నిజాం రాజ్యమే గాన మమ్ము పరాయివా రనినవారు లేరు.

పరాయివా రనిపించుకొనినవారి కథ వేఱు. ఈ నగరమున ‘ముల్కీ’ యను మాట ఎన్ని ఇండ్లలో పొయ్యి వెలిగించెనో, ఎన్ని ఇండ్లలో నార్పెనో చెప్పజాలము. మొదటి సాలారుజంగు కాలమునుండియే ఉత్తరహిందుస్థానపు విద్యావంతులు ఇచ్చటి కొలువులకు వచ్చుచుండిరి. 1884లో పారసీకి బదులు ఉర్దూ అధికారభాష యయ్యెను. తమ అన్నము పరుల విస్తరిలో పడుచున్నదని స్థానికులు మొఱపెట్టిరి. 1919లో ఏడవ నిజాము ఫర్మానా ననుసరించి ముల్కీ నిబంధనలు వెలువడెను. రాజ్యములో ఉద్యోగము ముల్కీలకే. బయటనుండి వచ్చినవాడు ముల్కీ కావలెనన్న రెండు షరతులు: పదునైదు సంవత్సరములు ఇచ్చట స్థిరముగా నివసించియుండవలెను, తన పూర్వపు ఊరికి తిరిగిపోవు తలంపును వదలుకొంటినని మేజిస్ట్రేటు ఎదుట ప్రమాణపత్రము వ్రాసియీయవలెను.

ఈ రెండవ షరతును నేను పలుమాఱులు తలపోసితిని. పదునైదేండ్లను పంచాంగము లెక్కించును. ప్రమాణపత్రమునకు ముద్రకాగితము చాలును. కాని వచ్చినవాడు తన మనస్సులోని మూట విప్పెనా, లేక గుమ్మముకడ కట్టియే యుంచెనా యను సంగతి ఏ మేజిస్ట్రేటు చూడగలడు? ఇరుగుపొరుగువారు మాత్రము చూచెదరు. వాడు ‘మీ యూరు’ అనునా, ‘మన యూరు’ అనునా? వీథిలో పీనుగ లేచిననాడు తలుపు తీయునా, మూయునా? గడించిన రూపాయిలో నొక అణాయైన నిచ్చటి నూతికో, బడికో ఖర్చుపెట్టునా, సర్వమును స్వగ్రామమునకే పంపునా? నాకు తెలిసినంతలో జనులు ఈ ధ్రువపత్రమునే అడుగుదురు.

1948 సెప్టెంబరు పోలీసుచర్య తరువాత మద్రాసు రాష్ట్రమునుండియు, ఇతర ప్రాంతములనుండియు ఉద్యోగులు పెక్కుమంది వచ్చిరి. ఉర్దూలో పట్టము పొందిన స్థానిక యువకుల చదువునకు ఒక్కసారిగా విలువ తగ్గెను. దానికి తోడు దొంగ ముల్కీపత్రములు అమ్ముడుపోవుచున్నవని కోలాహలము బయలుదేరెను. 1952లో విద్యార్థులు ‘నాన్ ముల్కీ గో బ్యాక్’ అని వీథులకెక్కిరి. ‘ఇడ్లీ సాంబార్ గో బ్యాక్’ అనియు గోడలమీద వ్రాసిరి. ఇడ్లీ చేసిన అపరాధమేమో నాకు తెలియదు. నేడు చార్మినారు చుట్టును దొరకని వేళ లేదు. కాని ఆ సంవత్సరము సెప్టెంబరు 3వ తేదీన సిటీకళాశాలకడ పోలీసులు తుపాకులు కాల్చిరి, ప్రాణములు పోయినవి. దానినంతటిని కేవల ద్వేషమని కొట్టివేయువారు కలరు. నేనట్లు తలపను. ఆకలికి వెఱచినవాని కేకలో ద్వేషమును మాత్రమే వినువాడు సగమే విన్నవాడు.

తరువాతి చరిత్ర మీ రెఱిగినదే. 1956నాటి పెద్దమనుషుల యొడంబడిక, 1969నాటి యుద్యమము, 1972లో నిబంధనలు చెల్లునని సర్వోన్నత న్యాయస్థానము తీర్పు, 1973లో వాని రద్దు. 1975నాటి రాష్ట్రపతి యుత్తర్వుతో పదునైదేండ్ల నివాసమునకు బదులు నాలుగేండ్ల చదువు స్థానికతకు గుఱుతయ్యెను. మేజిస్ట్రేటు చేయవలసిన పని ఆ విధముగా మా యుపాధ్యాయుల నెత్తిన పడెను. చదువు ధ్రువపత్రములు ఎన్ని వందలు వ్రాసితినో! 2014 జూను 2వ తేదీతో నిన్నటి జిల్లా నేటి పరరాష్ట్రమయ్యెను. ఒకే వాచకము చదివినవారు ఒకరికొకరు స్థానికేతరులైరి.

పరుల రాజ్యమున బ్రతుకుటను గూర్చి మన పెద్దలు చెప్పనిది కాదు. భారతమున పాండవులు విరాటుని కొలువునకు పోవునపుడు ధౌమ్యుడు వారికి బుద్ధులు చెప్పెను. రాజసభలో నెట్లు మెలగవలెను, ఎచ్చట కూర్చుండవలెను, ఎంత మాటాడవలెను అనునవి యందున్నవి. ఆ భాగమును తరగతిలో చెప్పునపుడెల్ల నాకొకటి తోచుచుండెను. ధౌమ్యుడు చెప్పినది కొలువుచేయు నేర్పు. కలిసిపోవు నేర్పు కాదు. ఏడాదిపాటు పాండవులు పేళ్లు మార్చుకొనిరి, ఆయుధములను జమ్మిచెట్టుమీద దాచిరి, వంటలు వండిరి, పశువులను గాచిరి. అర్జునుడు మావలె బడిపంతులే యయ్యెను. అంతమాత్రముచేత వారు మత్స్యదేశీయులు కాలేదు. పగవారు విరాటుని ఆవులను తోలుకొనిపోయిన దినమున అన్నదమ్ములు దక్షిణమునను, బృహన్నల యుత్తరమునను నిలిచి పోరిరే, అప్పుడు బంధుత్వము ఏర్పడెను. విరాటుని కూతురు పాండవుల కోడలయ్యెను. కురువంశమును నిలిపిన పరీక్షిత్తు ఆమె కడుపున పుట్టినవాడే. వియ్యముల సంగతి ఈ వేదికపై నేను విచారింపబోను. పెద్దలు కొందఱప్పుడే నావంక చూచుచున్నారు. కథలో నున్నది చెప్పితిని, అంతే.

సమీపచరిత్రనుండి ఒకరిని స్మరింతును. మాడపాటి హనుమంతరావుగారు 1885లో కృష్ణాజిల్లా నందిగామ తాలూకా పొక్కునూరులో జన్మించిరి. ముల్కీ లెక్క ప్రకారము బ్రిటిషు ఇలాకావారు. బాల్యమున నిజాం రాజ్యమునకు వచ్చి, ఇచ్చటి చదువు ఉర్దూ పారసీలు గాన ఆ రెంటిని శ్రద్ధతో నభ్యసించిరి. 1921 నవంబరులో హైదరాబాదున జరిగిన సంఘసంస్కార సభలో అల్లంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటాడ లేచినంతనే సభికులు గేలిచేసిరి. ఇంగ్లీషును, ఉర్దూను, మరాఠీని ఓర్చినవారికి తెలుగు ఓర్వరానిదయ్యెను! ఆ యవమానమునుండి పుట్టిన ఆంధ్రజనసంఘమునకు హనుమంతరావుగారు ముఖ్యసారథి. నారాయణగూడలో తెలుగు బాలికలకు పాఠశాల నెలకొల్పిరి. 1951లో హైదరాబాదు నగరమునకు మేయరైరి. వచ్చినవాడు స్థానికుల ఉర్దూను నేర్చెను. ఆ స్థానికులలోనే పెద్దపాలు మాటాడు తెలుగు కప్పబడియుండగా దానిని పైకెత్తెను. ఈ రెండు పనులును ఒకే మనుష్యుడు చేయుట గమనింపదగినది. ఉర్దూ రానివాడై తెలుగుకొఱకు వాదించియుండినచో ఆయన మాట కచేరీగోడలు దాటియుండదు.

భాషయే ఈ విషయమునకు ద్వార మని నా నమ్మకము. పరరాష్ట్రమునకు పోయినవాడు స్థానికుని ఉద్యోగము తీసికొన్న వానిని ఒకనాటికి క్షమింపవచ్చును. అతని మాటను వెక్కిరించినచో మూడు తరములు మఱువరు. మన తెలంగాణపు తెలుగులో దవాఖానా, దర్వాజా, సడకు మొదలగు మాటలున్నవని నవ్విన ఉపాధ్యాయులను నేనెఱుగుదును. సంస్కృతము చదివినవాడను గనుక చెప్పుచున్నాను: ‘ఖాళీ’, ‘జమ’, ‘ఖర్చు’ లేక వారి యింటి పద్దులు ఒక్క దినము నడవవు. ఆ మాటలు వచ్చిన దారియు ఇదియే.

1990 డిసెంబరు అల్లరుల తరువాత మన కుటుంబములు అనేకములు దిల్‌సుఖ్‌నగరు, వనస్థలిపురములకు తరలిపోయినవి. వారిని తప్పుపట్టను; భయము భయమే. నేను పోలేదు. నా తరగతిలో పెక్కుమంది యింట ఉర్దూ మాటాడు బాలురు. చత్తాబజారులోని యొక వృద్ధ లేఖకునికడ నేను ఉర్దూ లిపిని నేర్వ నారంభించితిని. అప్పటికి నాకు ముప్పదేండ్లు దాటినవి. ఆయన రుసుము పుచ్చుకొనక, తన మనుమనికి తెలుగు చెప్పుమనెను. నా నోట ‘ఐన్’ పలుకదు, ఆ బాలుని నోట ‘ళ’కారము పలుకదు. కంఠ్యములను గూర్చి నాకున్న శాస్త్రజ్ఞానమంతయు నిష్ప్రయోజనమయ్యెను. ముగ్గురమును నవ్వుకొనుచుంటిమి.

దాని ఫల మేమనగా: ఒకనాడు ఒక తల్లి తన కుమారుని మార్కుల పత్రము వెనుక ఉర్దూలో నాలుగు పంక్తులు వ్రాసి పంపెను. బాలుడు చీకటి పడువఱకు గాజుల కార్ఖానాలో రాళ్లు అతికించుచున్నాడు గాన ఇంటిపాఠము వ్రాయజాలడని. తోటి యుపాధ్యాయులు వానిని సోమరి యని నిర్ణయించియుండిరి. ఆ నాలుగు పంక్తులు చదువగలవాడు ఆ బడిలో నేనొక్కడనే.

సోలాపురపు సోదరులకు ఈ మాటలు కొత్తవి కావు. 1877లో అచ్చట మొదటి నూలుమిల్లు వెలసిన పిదప మన నేతవారు తండోపతండములుగా పోయిరి. నేడు ఆ వీథులలో మరాఠీ, కన్నడము, తెలుగు మూడును ఒకే గుక్కలో వినబడును. శ్రావణపూర్ణిమనాడు మార్కండేయస్వామి రథము వెడలునపుడు త్రాడు పట్టువాని కులమును, భాషను ఎవరు విచారింతురు? మా మేనమామ 1950ల దశకమున అచ్చటికి పోయెను. మొదటి వారమున మేస్త్రీ ‘ధోటా’ తెమ్మనగా ఏమి తేవలెనో తెలియక నిలుచుండెనట; నాడె నని చేతితో చూపినపిమ్మట తెచ్చెనట. ఆ రాత్రినుండి మగ్గపు భాగము లన్నింటికిని మరాఠీ పేళ్లు గోడమీద బొగ్గుతో తెలుగులిపిలో వ్రాసికొని నేర్చెను. రెండేండ్లకు ప్రక్కయింటి మరాఠీ బాలురకు అభంగములలో తప్పులు దిద్దు స్థితికి వచ్చెను. పిల్లలకు మాత్రము ఇంట తెలుగే. మిల్లు మూతపడినప్పుడు తిరిగి రమ్మని మా తల్లి ఉత్తరముపై ఉత్తరము వ్రాసెను. ‘అక్కా, ఇచ్చట నాకు అప్పులిచ్చువారున్నారు, అచ్చట ఎవరున్నారు?’ అని ఆయన ప్రత్యుత్తరము. ప్రమాణపత్రమున కంతకంటె మంచి వాక్యము నేను చూడలేదు.

భివండి, సూరతుల సోదరులు కొందఱు తమ పిల్లలకు తెలుగు లిపి రాదని నాతో దుఃఖించిరి. మఱికొందఱు, ఇరువది యేండ్లున్నను తమకు గుజరాతీ సంతకము చదువరాదని నవ్వుచు చెప్పిరి. మొదటి దానికి దుఃఖించి రెండవదానికి నవ్వుట నాకు సమ్మతము కాదు. రెండును ఒకే కొఱత.

ఇంకొక మాట. పోయినవారిని గూర్చి ఇంత చెప్పి, వచ్చినవారిని గూర్చి యూరకుండుట ధర్మము కాదు. 2015 జనవరిలో ఈ పాతబస్తీలోనే గాజుల కార్ఖానాలనుండి రెండువందలకు పైబడిన బాలురను పోలీసులు విడిపించిరి. పెక్కుమంది బిహారునుండి తేబడినవారు. చీకటిగదులలో పగలెల్ల పనిచేయుచు, వీథి మాట తెలియక, ఎవరికి మొఱపెట్టుకొనవలెనో తెలియక యుండిరి. వారి గోడకు ఆవల మనవంటివార మున్నాము. ఆ గోడ ప్రక్క మనమే ముల్కీలము. మనవాడు భివండిలో ఎట్టి పొరుగును కోరునో అట్టి పొరుగు ఆ బాలురకు దొరికెనా యని ప్రతినిధులు రేపటి చర్చలో విచారింపవలెను. ఇప్పటికిని బిహారు, ఒడిశాలనుండి పనివారు వచ్చుచునే యున్నారు.

అధ్యక్షులు గంట చూపుచున్నారు. నా ప్రార్థన యొక్కటి. సంఘభవనమున సాయంకాలములందు రెండు గదులు ఖాళీగా నుండుట నేనెఱుగుదును. ఒకదానిలో పరరాష్ట్రమునకు పోదలచిన యువకులకు అచ్చటి లిపియు, మార్కెట్టు మాటలును మూడు నెలలు చెప్పింపుడు. రెండవదానిలో ఇచ్చటికి వచ్చిన పనివారి పిల్లలకు, ఏ కులమువారైనను సరియే, తెలుగు చెప్పింపుడు. తెలుగునకును ఉర్దూ లిపికిని నేనున్నాను. నల్లబల్లయు సుద్దముక్కలును ఇప్పించినచో వచ్చు సోమవారము ఆఱుగంటలకు మొదలుపెట్టెదను. హిందీకి మా పాఠశాలలో పనిచేసిన మిత్రుడొకరు ఒప్పుకొనిరి. మరాఠీకి మాత్రము సోలాపురపు సోదరులలో నొకరు, సభ ముగిసి రైలెక్కులోపల, నాకు పేరు ఈయవలెను.